మేమిద్దరం సంతకం పెట్టిన ఆవు

ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ నన్ను తప్పుపట్టరని ఈ మాట చెప్తున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో పాలు పొంగితే వీధిలోకి వెళ్లి వరదొచ్చిందంటాను. దోమ కుడితే దాని రెక్కల చప్పుడుకి కిటికీ అద్దాలు అదిరాయంటాను. మా ఆవిడ రమణ పెళ్లైన దగ్గర్నుంచీ నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేసి వింటుంది. మీరూ అలాగే చదవండి. కానీ జబ్బు నిజం. పొట్ట మీద నిలువునా ఉన్న కుట్ల గీత నిజం. అది బ్రాడ్‌గేజ్ లైనని చూసినవాళ్లకి చెప్తూంటాను. కొలిస్తే బొమ్మ రైలుకి కూడా చాలదు.

బిలాస్‌పూర్లో మాది రైల్వే కుటుంబం. మా తాత బొగ్గు ఇంజన్ల రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. నేను వ్యాగన్ డిపోలో పనిచేస్తాను. గూడ్సు డబ్బాల చక్రాలు, బ్రేకులు చూసే పని. నా స్నేహితుడు సింహాచలం ట్రాక్ డిపార్ట్‌మెంటు. పట్టాలు, స్లీపర్లు చూసే పని.

యార్డులో డబ్బా పట్టా దిగితే, సంబంధించిన డిపార్ట్‌మెంట్ల వాళ్లందరూ అక్కడే నిలబడి, ఏం జరిగిందో ఒకే కాగితం మీద రాసి సంతకాలు పెట్టాలి. దాన్ని జాయింట్ నోట్ అంటాం. పేరుకి జాయింటే గానీ రాసేటప్పుడు ఎవరి దారి వాళ్లది. పట్టా వంకరగా ఉందని మేమంటాం, చక్రం అరిగిపోయిందని వాళ్లంటారు. నా రాతకి పదునెక్కువని డిపో వాళ్లు ఎప్పుడూ నన్నే పంపేవారు. ట్రాక్ తరఫున సింహాచలం వచ్చేవాడు. పట్టాల మధ్య నిలబడి పూటంతా వాదించుకుని, చివరికి ఎవరి అభిప్రాయం వాళ్లు రాసుకుని, ఒకే కెటిల్లో టీ తాగి ఇళ్లకి పోయేవాళ్లం.

సింహాచలం రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చే వేళా, నేను డ్యూటీకి బయల్దేరే వేళా ఒకటే. క్వార్టర్ల వెనక సందు మలుపులో రోజూ ఎదురుపడేవాళ్లం. ఇద్దరివీ సైకిళ్లే. నేను బెల్లు కొట్టి, "ఏటి బావా, పట్టాలు ఉన్నాయా, ఎవరైనా పట్టుకుపోయారా?" అనేవాణ్ణి. అతను తన బెల్లు కొట్టి, "నీ సక్రాలు గుండ్రంగానే ఉన్నాయేటి?" అనేవాడు. అంతే, ఆగేవాళ్లం కాదు. ఆ రెండు ముక్కలూ అనుకోకపోతే నాకు రోజు మొదలైనట్టు ఉండేది కాదు.

అది చలికాలం, పొగమంచు. మా కాలనీ మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే కోసి డబ్బాలో పెట్టి ఊరికి పార్సిల్ చెయ్యొచ్చు. మలుపు దగ్గర బెల్లు వినబడింది. సింహాచలమే. మనిషి కనబడకపోయినా గొంతు వైపు తల తిప్పి, "పట్టాలు ఉన్నాయా" వరకూ అన్నాను. మిగతా సగం నోట్లో ఉండగానే గుద్దుకున్నాం.

ఇద్దరం ఒకరి మీద ఒకరం పడ్డాం. అతని సైకిలు ఎడమ హ్యాండిలుకి రబ్బరు గ్రిప్పు లేదు. వానాకాలంలో ఊడిపోతే గుడ్డ చుట్టుకున్నాడు, ఆ గుడ్డ ఎప్పుడో జారిపోయింది. ఆ ఇనప గొట్టం మూతి నా ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద దిగబడింది. ఊపిరి ఒక్కసారి ఆగి మళ్లీ వచ్చింది. మోచెయ్యి దోక్కుపోయింది. అతనికి మోకాలు పగిలింది.

లేచి దుమ్ము దులుపుకున్నాం. తర్వాత మేం చేసిన పని ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యరు. ఆస్పత్రికి పోకుండా కల్వర్టు గోడ మీద కూర్చుని జాయింట్ నోట్ మాట్లాడుకున్నాం.

"డాట్రు అడుగుతాడు. ఏటి సెప్దాం?" అన్నాడు సింహాచలం.

"పట్టాది తప్పా, చక్రానిది తప్పా?" అన్నాను.

"రెండిటిదీ కాదు. ఆవు అడ్డొచ్చింది."

"ఏ రంగు ఆవు?"

"రంగెందుకు బావా?"

"రిపోర్టంటే రంగు ఉండాలి. ఎర్రావు."

ఇన్నేళ్లలో మా రెండు డిపార్ట్‌మెంట్లూ ఒకే మాట మీదికి వచ్చిన మొదటి నోట్ అది. డొక్కలో నొప్పి వేస్తున్నా ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. నవ్వితే ఎడమ భుజంలో కూడా ఏదో పీకింది. పడ్డాం కదా అనుకున్నాను.

ఊళ్లో ఒక ఆస్పత్రి క్యాజువాల్టీకి వెళ్లాం. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. "క్యా హువా, అంకుల్?" అని పెన్ను తీశాడు. వినేవాడు దొరికితే నాకు ఒళ్లు తెలీదు. మంచులోంచి ఆవు ఎలా వచ్చిందో, దాని కళ్లు హెడ్‌లైట్లలా ఎలా వెలిగాయో, నా మోచేతిని ఎలా నాకిందో అన్నీ చెప్పాను. కొమ్ములు ఎంతున్నాయో చూపించబోతే ఎడమ చెయ్యి పూర్తిగా లేవలేదు. కుడిచేత్తో చూపించాను.

"పేట్ మే కుఛ్ లగా?" అని డాక్టరు అడిగాడు. పొట్టకి ఏమైనా తగిలిందా అని.

"లేదు సార్."

ఆయన పొట్ట మీద చెయ్యేసి నొక్కాడు. ఎడమ పక్క నొక్కినప్పుడు ప్రాణం పోయినంత పనైంది. "దర్ద్?" అన్నాడు, నొప్పా అని. "ఆకలి సార్" అన్నాను. నర్సు నవ్వింది. ఒక మనిషి నవ్విందంటే నాకింక ఏమీ అక్కర్లేదు. ఆయన కూడా నవ్వి, ఆవు తగలడం వల్ల సైకిల్ మీంచి పడ్డాడని హిస్టరీ రాశాడు. చేతికి ఎక్స్-రే, ఛాతీకి ఎక్స్-రే తీశారు, నార్మల్ అన్నారు. "ఈ రోజంతా అబ్జర్వేషన్‌లో ఉండండి" అన్నాడు. డ్యూటీ ఉందన్నాను. సరే, నొప్పి ఎక్కువైతే, కళ్లు తిరిగితే వెంటనే రమ్మని చెప్పాడు. చెప్పినదంతా నిజమేనని పేషెంటుగా నేనూ, తీసుకొచ్చిన మనిషిగా సింహాచలమూ సంతకాలు పెట్టాం.

ఒక్క చిక్కొచ్చింది. తెగిన చర్మాన్ని జంతువు నాకిందని రాసుకున్నారు కాబట్టి రేబిస్ వ్యాక్సిన్ మొదలుపెట్టారు. లేని ఆవు నాకిన చేతికి ఉన్న సూదులన్నీ పొడిపించుకున్నాను. తర్వాతి డోసులకి మళ్లీ రమ్మని కార్డు ఇచ్చారు.

ఇంటికి వచ్చాక డొక్క నొప్పి తగ్గింది గానీ భుజం నొప్పి పోలేదు. పడుకుంటే ఎక్కువయ్యేది, లేచి కూర్చుంటే తగ్గేది. రమణ రోజూ బామ్ రాసింది. రాస్తూ రాస్తూ, "భుజం మీద దెబ్బ గుర్తే లేదు కదండీ, నొప్పి ఎందుకుంటుంది?" అంది. ఆ ప్రశ్న ఒక్కటి డాక్టర్ని అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కడుపులో రక్తం చేరితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. నాకు ఆ సంగతి పొట్ట కోశాక తెలిసింది.

వారం తిరక్కుండా ఇంకో డోసు కోసం ఆస్పత్రికి వెళ్లాను. కుక్కకాటు వాళ్ల లైన్లో నిలబడ్డాను. ముందున్నాయన బెల్తరా నుంచి వచ్చాడు. "మిమ్మల్ని ఏ కుక్క కరిచింది?" అని అడిగాడు. ఆవు నాకిందని చెప్పడానికి నోరు తెరిచాను. గోడలు నెమ్మదిగా వెనక్కి జరిగాయి, చెవుల్లో రైలు వెళ్తున్న చప్పుడు వచ్చింది. తర్వాత నేల చల్లగా తగిలింది.

ఇంటి దగ్గరో, డిపోలో డబ్బాల కిందో పడి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాను. క్యాజువాల్టీ గుమ్మం ముందు పడ్డాను. ఇది నేను కల్పించాననుకుంటారు. కాదు. నా ప్రాణం మీదికి తెచ్చిన ఆవే నన్ను ఆస్పత్రిలో నిలబెట్టింది.

బీపీ పడిపోయింది. అల్ట్రాసౌండ్ ప్రోబు పొట్ట మీద పెట్టగానే సర్జన్ ముఖం మారింది. "ఫ్రీ ఫ్లూయిడ్ ఉంది. స్ప్లీన్ అనుకుంటాను" అని ఇంకొకరితో అన్నాడు. కడుపులో రక్తం చేరిందని, ఎడమ డొక్కలోని ప్లీహం చిట్లి ఉంటుందని. నన్ను సీటీ స్కాన్‌కి తోసుకెళ్లి తీసుకొచ్చేసరికి రమణ, సింహాచలం వచ్చేశారు. సర్జన్ నా చొక్కా పైకెత్తాడు. ఎడమ డొక్కలో పసుపు, నీలం కలిసిన గుండ్రటి మచ్చ ఉంది. గాజు ముద్ర వేసినట్టు చుట్టూ గీత, మధ్యలో ఖాళీ.

పాత కాగితం చదివి సింహాచలాన్ని అడిగాడు. "ఆవు కొమ్ముకి కన్నం ఉంటుందా?"

సింహాచలం నా వైపు చూశాడు. "ఆవే సార్. ఇద్దరం సంతకం పెట్టీసినాం" అన్నాడు.

"చూడండి, ఇప్పుడు కడుపు తెరుస్తాను. కొమ్ము గుచ్చిందంటే నేను ఒకటి వెతుక్కోవాలి, గొట్టం గుద్దిందంటే ఇంకొకటి వెతుక్కోవాలి. నాకు ఎవరి తప్పో అక్కర్లేదు. ఏది తగిలింది, ఎక్కడ తగిలింది, అంతే చెప్పండి."

నాకు మాట రావడం లేదు. తల ఊపాను. చెప్పెయ్యమని. సింహాచలం రెండు చేతులూ జోడించాడు.

"నా సైకిలు హ్యాండిలు సార్. గ్రిప్పు నేదు. నాదే" అని ఏడ్చేశాడు.

పెద్ద ఆపరేషన్ అయింది. స్ప్లీన్ చీలి, కొన్నాళ్లు తన చుట్టూ తనే గడ్డకట్టించుకుని, ఆ గడ్డ పగిలిందని తర్వాత చెప్పారు. దాన్ని తీసేశారు. మొదటి రోజే తెలిసి ఉంటే మంచం మీద పడుకోబెట్టి కాపాడే అవకాశం ఉండేదని సర్జన్ అన్నాడు. "అవకాశం" అన్నాడు, "ఖాయం" అనలేదు. నేను ఆ మాటని ఎంత లాగినా సాగలేదు.

రక్తం ఇవ్వడానికి సింహాచలం తన ట్రాక్ గ్యాంగుని తీసుకొచ్చాడు. నా ఒంట్లో ఇప్పుడు సగం ట్రాక్ డిపార్ట్‌మెంటే. వాళ్లని తిట్టినప్పుడల్లా బీపీ పెరుగుతుందని చెప్పుకు తిరుగుతూంటాను. ఐసీయూ నుంచి వార్డుకి వచ్చాక మళ్లీ జ్వరం వచ్చింది. ఎడమ పక్క కలెక్షన్, అంటే చీమునీరు, చేరిందన్నారు, గొట్టం పెట్టారు, మళ్లీ ఐసీయూ. ఆ రోజుల్లో నేను ఒక్క జోకూ వెయ్యలేదట. అప్పుడే అసలు భయం వేసిందని రమణ చెప్పింది. సింహాచలం రోజూ డ్యూటీ దిగి నేరుగా వచ్చి మంచం పక్క స్టూలు మీద కూర్చునేవాడు. ఒకసారి, "గ్రిప్పు ఏయించేసినాను బావా" అన్నాడు. నేను కళ్లు మూసుకునే విన్నాను.

మా అమ్మాయి హారిక మెడికల్ కోడర్. ఇంట్లో కూర్చునే అమెరికా ఆస్పత్రుల కాగితాలు చదివి, ఏ దెబ్బకి, ఏ కారణానికి ఏ కోడ్ వెయ్యాలో వేస్తుంది. నన్ను హిందీలో పాపా అంటుంది. తెలుగు రెండు లైన్లు చదవడానికి ఆయాసపడుతుంది గానీ డాక్టర్ల ఇంగ్లీషు నీళ్లలా చదువుతుంది. డిశ్చార్జ్ సమ్మరీ చేతికి రాగానే అలవాటు కొద్దీ కారణం దగ్గర ఆగింది.

"పాపా, యే క్యా హై? ఇంకా ఆవే ఉంది. ఇలాగే ఉంటే నేనైతే వి టెన్ వేస్తాను. సైకిల్ మీద ఉన్న మనిషికి జంతువు తగలడం. నీది వి ఎలెవెన్. సైకిల్‌కి సైకిల్."

"నువ్వు మార్చేసుకో తల్లీ. నీకు నిజం తెలుసు కదా."

"నాకు తెలిస్తే సరిపోదు. డాక్టరు రాయనిది మాకు జరగనట్టే. ఇక ముందు నీకు జ్వరం వచ్చినప్పుడల్లా ఈ కాగితమే చూస్తారు. కరెక్ట్ చేయించు."

సర్జన్ ఒప్పుకున్నాడు. మొదట రాసింది కొట్టెయ్యనని, దాని కింద అడెండం, అంటే సవరణ ముక్క, రాస్తానని చెప్పాడు. మొదటి స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టిన ఇద్దరూ కొత్త స్టేట్‌మెంట్ రాసి ఇవ్వండన్నాడు. ఇంట్లో హారిక ల్యాప్‌టాప్ తీసింది, నేను చెప్పడం మొదలుపెట్టాను. చాన్నాళ్ల తర్వాత రిపోర్టు రాస్తున్నాను. ప్రాణం లేచి వచ్చింది. మంచు ఎంతుందో చెప్పాను, మలుపు ఎంత వంపో చెప్పాను. "నేను నా సైడ్‌లో వెళ్తూండగా, ఎదురుగా రాంగ్ సైడ్‌లో వచ్చిన సైకిల్, గ్రిప్పు లేని హ్యాండిల్‌తో..."

హారిక టైపు చెయ్యడం ఆపింది. "రాంగ్ సైడ్ ఎందుకు పాపా?"

"ఫుల్ డిటైల్స్ ఉండాలమ్మా."

"నా కోడ్‌లో దానికి చోటే లేదు. నువ్వు దేని మీద ఉన్నావు, నీకు ఏది తగిలింది. బస్, అంతే. తప్పు ఎవరిదని అందులో అడగరు."

"మీ అమెరికాలో అడగరు. రైల్వేలో మొదట అడిగేది అదే. రాయి."

రాసింది. ఇన్నేళ్లు నా చెయ్యి అవతలి డిపార్ట్‌మెంటు మీదికే పోయేది. ఆ రోజు అవతల డిపార్ట్‌మెంటు లేదు, నా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి ఉన్నాడు. అంత తేడా నాకు తోచలేదు.

సాయంత్రం సింహాచలం వచ్చి కాగితం చదివాడు. పకపకా నవ్వాడు. "ఇన్నాళ్లకి ట్రాకు మీద కేసు గెలిసీసేవు బావా" అని సంతకం పెట్టేశాడు. అతని గుండె పెద్దది.

ఇప్పుడు బాగానే ఉన్నాను. డిపోలో కుర్చీ పని ఇచ్చారు. స్ప్లీన్ లేదు కాబట్టి కొన్ని వ్యాక్సిన్లు వేశారు, మళ్లీ ఎప్పుడు వెయ్యాలో చెప్పారు. కాస్త జ్వరం వచ్చినా టాబ్లెట్ మింగి పడుకోవడానికి లేదు, వెంటనే ఆస్పత్రికి పోవాలి. నాకు స్ప్లీన్ లేదని ఒక కార్డు మీద రాయించి పర్సులో పెట్టుకున్నాను. ఆదివారాలు సింహాచలం ఫ్లాస్కుతో టీ తెస్తాడు. ఇద్దరం వరండాలో కూర్చుని ఎర్రావు దూడల గురించి మాట్లాడుకుంటాం. దానికి ఇప్పుడు మనవలు కూడా పుట్టాయి.

చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. పడ్డా, గుద్దుకున్నా, డాక్టరు దగ్గరికి వెళ్లే దారిలో ఎవరితోనూ కథ కుదుర్చుకోకండి. ఏది తగిలింది, ఒంట్లో ఎక్కడ తగిలింది, ఆ చోటు వేలు పెట్టి చూపించండి. అది ఎంత సిల్లీగా ఉన్నా సరే. సైకిల్ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంటే, పైకి ఏమీ కనబడకపోయినా ఆ మాట తప్పకుండా చెప్పండి. తప్పు ఎవరిదో మాత్రం చెప్పకండి. ఆయన అడగడు.

ఇక మొదట్లోనే ఒప్పుకున్నాను కాబట్టి, కల్పించింది ఏదో చెప్పాలి. మంచు కోసి పార్సిల్ చెయ్యడం కుదరదని మీకూ తెలుసు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆదివారాలు కల్పించాను. ఆ నవ్వు కల్పించాను.

ఆ సాయంత్రం సింహాచలం కాగితాన్ని రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టింది నిజమే. పెన్ను మూత పెట్టి హారికకి ఇచ్చి, నాతో నెమ్మదిగా అన్నాడు.

"నీ ఎడమ డొక్కకి నా ఎడమ హ్యాండిలు తగిలింది. ఎవరి సైడు వాళ్లముంటే కుడికి కుడి తగుల్తాది. ఎడమకి ఎడమ తగలాలంటే ఇద్దరం రాంగ్ సైడే ఉండాలి బావా. నీకు తెల్దా?"

తెలుసు. చక్రం మీది గీత చూసి పట్టా ఏ వైపు ఒరిగిందో చెప్పే మనిషిని, నాకు తెలీదా. నేను నోరు తెరిచేలోపు రమణ తెచ్చిన టీ తాగకుండా లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు డ్యూటీ దిగి సిర్గిట్టి వైపు నుంచి చుట్టు తిరిగి ఇంటికి పోతున్నాడని డిపోలో చెప్పారు. ఆ రెండో స్టేట్‌మెంట్‌లో "రాంగ్ సైడ్" అన్న ముక్క కొట్టేయించాలని వెళ్లాను. రాసింది కొట్టెయ్యరు కదా, కింద ఇంకో అడెండం రాయించుకున్నాను. దాని మీద ఒక్క సంతకమే ఉంది.

సైకిల్ తొక్కొచ్చని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆ సందులోంచే డ్యూటీకి వెళ్తున్నాను. మలుపు దగ్గర బెల్లు కొట్టి, "పట్టాలు ఉన్నాయా బావా?" అంటాను. ఇది కల్పించింది కాదు.